బోర్లించి చూసేవాళ్ళ పుస్తకం

నేను ఒక పుస్తకాన్ని. పుస్తకమనగానే కథలో పద్యాలో, కనీసం వంటలైనా ఉంటాయని ఆశపడకండి. పాతకాలపు ఇంగ్లీషు పింగాణీ పళ్ళేలూ కప్పులూ గిన్నెలూ పోగుచేసుకునే పిచ్చివాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళకోసం అచ్చయినదాన్ని నేను. పింగాణీ పళ్ళెం ఏదైనా సరే, బోర్లిస్తే అడుగున చిన్న గుర్తు కనబడుతుంది. కిరీటమో, లంగరో, పువ్వో, పక్షో. ఆ గుర్తు ఏ కంపెనీవాళ్ళది, ఏ కాలంలో వేశారు, దాన్ని చూసి నకలు కొట్టినవాళ్ళెవరు, అన్నీ నాలో ఉన్నాయి. మీకు మీ ముత్తాత పేరు తెలుసో తెలీదో గానీ, నా దగ్గర టీ కప్పులకు కూడా వంశవృక్షాలున్నాయి.

నన్ను మొదటినుంచి చివరిదాకా చదివినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు. అచ్చుకు ముందు తప్పులు దిద్దినాయన కూడా మధ్యలో నిద్రపోయాడు. వచ్చేవాళ్ళు ఒక చేత్తో గిన్నె పట్టుకుని వస్తారు, రెండో చేత్తో నా పేజీలు గబగబా తిప్పుతారు, దొరికితే పొంగిపోతారు, దొరక్కపోతే నాకే ఏం తెలీదని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, నేనేమీ అనుకోను. ఒక్క విషయంలో మాత్రం నాకు గర్వం ఉంది, ఉందని దాచుకోను కూడా. మొహమాటానికి ఒక్క మాట నా నోట రాదు. పాతది పాతదే, కొత్తది కొత్తదే. దొర అడిగినా, దొరగారి వంటవాడు అడిగినా ఒకటే జవాబు.

నన్ను రాసినాయన ఇంగ్లండులో కుమ్మరి బట్టీల పొగ పీల్చి పెరిగిన మనిషి. ఎవరైనా విందుకు పిలిస్తే ముందుగా వెళ్ళి, వడ్డించింది గబగబా తినేసేవాడు. పాపం ఆకలి కాబోలనుకుని ఇల్లాలు మళ్ళీ వడ్డించేది. ఆయనకి కావలసింది ఖాళీ పళ్ళెం, బోర్లించి అడుగున గుర్తు చూసుకోవడానికి. అలా ఊళ్ళోవాళ్ళ పళ్ళేలన్నీ తిరగేసి తిరగేసి నన్ను రాశాడు. నీలంరంగు గుడ్డ అట్ట, వెన్ను మీద బంగారు అక్షరాలు, లోపల వేలకొద్దీ గుర్తుల బొమ్మలు. అప్పట్లో చూడముచ్చటగా ఉండేదాన్ని లెండి.

ఇంగ్లీషు పుస్తకానివి, నీకీ తెలుగెక్కడిదీ అంటారేమో. పుట్టిన దేశంలో నేనున్నది కొద్దికాలం, విశాఖపట్నంలో ఉన్నది ఒక జీవితకాలం. ఎస్తేరు టీచరుగారి ముందుగదిలో అలమారులో కూర్చుని ఇద్దరు ఆడవాళ్ళ కబుర్లు అన్నేళ్ళు వింటే రాయికైనా మాటలు వస్తాయి.

నన్ను ఈ దేశం తీసుకొచ్చింది ఒక జూట్ మిల్లు మేనేజరు భార్య. ఆ దొరసానికి ఇక్కడి ఎండ పడలేదు, దోమలు పడలేదు, మొగుడు కూడా అంతంతమాత్రంగానే పడ్డాడు. రోజంతా బంగళాలో కూర్చుని తన పళ్ళేలను తుడుచుకుంటూ, నన్ను తిరగేస్తూ కాలం గడిపేది. స్వాతంత్ర్యం వచ్చాక దొరలు సర్దుకుని వెళ్ళిపోతుంటే, అపురూపమైన వస్తువులు ఆవిడతో ఓడెక్కాయి. నేను ఎక్కలేదు. పళ్ళేలతోనే పెట్టె నిండిపోయింది, ఇక పళ్ళేల పుస్తకానికి చోటెక్కడిది? మిగిలిన సామానంతా బంగళా వరండాలో వేలానికి పెట్టారు.

ఆ వేలంలోనే నా కథ మొదలైంది. వరండాలో బల్ల మీద ఒక పెద్ద సూపు గిన్నె ఉంది. తెల్లటి ఒళ్ళు, దాని మీద నీలంరంగు చెట్లూ వంతెనలూ, రెండు పక్కలా చెవులు, పైన గుమ్మటంలాంటి మూత. దాని మీద ఇద్దరు ఆడవాళ్ళ కళ్ళు పడ్డాయి. ఒకావిడ మిషను ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్ ఎస్తేరు టీచరుగారు. బక్కపలచగా, నిటారుగా ఉండేవారు. రెండో ఆవిడ ప్లీడరుగారి భార్య భ్రమరాంబగారు, భర్త వెనక స్తంభం పక్కన నించున్నారు. ఎస్తేరు టీచరు పాట పెంచినప్పుడల్లా భ్రమరాంబగారు భర్త ఉత్తరీయం చివర పట్టుకుని లాగేవారు, ఆయన చెయ్యెత్తేవారు. అలా పాట పెరిగి పెరిగి టీచరుగారి జీతానికి అందనంత ఎత్తుకి పోయింది. గిన్నె ప్లీడరుగారి ఇంటికి వెళ్ళింది. టీచరుగారు కళ్ళు తుడుచుకుని, బడికని ఒక పుస్తకాల పెట్టె పాడుకున్నారు. ఆ పెట్టెలో అడుగున నేనున్నాను.

చూశారా విడ్డూరం. గిన్నె ఒకరింటికి, దాని గుట్టు చెప్పే పుస్తకం ఇంకొకరింటికి.

పుస్తకం సంగతి తెలిసి భ్రమరాంబగారు ఓ శనివారం మధ్యాహ్నం జట్కా కట్టించుకుని టీచరుగారింటికి వచ్చారు.

"టీచరుగారూ, మీ పుస్తకం వస్తువుల వయసు చెబుతుందిటగా? మా గిన్నె వయసేమిటో కాస్త చెప్పించండి."

"గిన్నె తెచ్చేరా?"

"అమ్మో, గిన్నె తేవడమే! జట్కా కుదుపులకి బీటేస్తేనో?"

"గిన్నె మొహం చూడకుండా పుస్తకం ఎలా చెబుతుందండీ?"

"పోనీ పుస్తకం ఓ పూట ఇవ్వండి, చూసి పంపించేస్తాను."

"ఈ పుస్తకం గుమ్మం దాటదు," అన్నారు టీచరుగారు. వేలం మంట ఇంకా చల్లారలేదు మరి.

కానీ ఊరంతటిలో పింగాణీ పిచ్చి ఉన్నవాళ్ళు ఆ ఇద్దరే. ఒకరితో ఒకరు తప్ప ఇంకెవరితో చెప్పుకున్నా నవ్వుతారు. అందుకని భ్రమరాంబగారు మళ్ళీ శనివారం వచ్చారు, ఆ పై శనివారమూ వచ్చారు. పాతసామాన్ల దుకాణాల్లో దొరికిన సాసర్లు, జగ్గులు ముందేసుకుని ఇద్దరూ నన్ను తిరగేసేవారు. భ్రమరాంబగారికి ఇంగ్లీషు రాదు. టీచరుగారు చదివి తెలుగులో చెప్పేవారు, ఆవిడ భారతం వింటున్నట్టు వినేవారు. ఆ శనివారాల మధ్యాహ్నాలంటే నాకు ప్రాణం. వాళ్ళ పిచ్చి ఎంతదాకా వెళ్ళిందంటే, బడి తనిఖీకి వచ్చిన ఇనస్పెక్ట్రెస్సుగారికి ఇచ్చిన టీ సాసరు అడుగు కాస్త నీలంగా కనబడేసరికి టీచరుగారు ఉండబట్టలేక, ఆవిడ చేతిలో ఉండగానే దాన్ని పైకెత్తి చూశారు. టీ అంతా ఇనస్పెక్ట్రెస్సుగారి పట్టుచీర మీద పడింది. ఆ ఏడు బడికి రావలసిన కొత్త బెంచీలు రాలేదు.

గిన్నె సంగతి మాత్రం తేలలేదు. ఒకసారి తేలేదే. టీచరుగారు పంతం విడిచి, నన్ను సంచిలో పెట్టుకుని ప్లీడరుగారింటికి బయల్దేరారు. భ్రమరాంబగారు సంబరంగా ఎదురొచ్చారు. వాళ్ళత్తగారు మాత్రం గుమ్మానికి అడ్డంగా నించున్నారు. మడీ ఆచారం గల మనిషి. పింగాణీ అంటేనే ఆవిడకి మైల. అందుకే గిన్నె కూడా వంటింటి ఛాయలకు పోకుండా ప్లీడరుగారి ఆఫీసు గదిలో ఉండేది.

"పింగాణీనే గడప లోపలికి రానివ్వనే, కిరస్తానీ పంతులమ్మని రానిస్తానా? ఆ అరుగు మీద కూర్చోమను," అన్నారావిడ.

టీచరుగారు కూర్చోలేదు. వెనక్కి తిరిగి వీధిలోకి రాగానే, వెనక అరుగు మీద బిందెడు నీళ్ళు గుమ్మరించిన చప్పుడైంది. ఆవిడ వెనక్కి చూడలేదు. ఇక చచ్చినా ఆ గడప తొక్కనని ఆ రోజే అనుకున్నారు.

ఆ పై శనివారం భ్రమరాంబగారు వచ్చి, తలెత్తలేక, "మా అత్తగారి తరఫున నేను..." అని ఏదో అనబోయారు. టీచరుగారు, "రండి, కూర్చోండి, ఆ జగ్గు గుర్తు చూద్దామన్నాం కదా," అన్నారు. ఆ విషయం మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తనంత మాత్రాన పోయిందని కాదు. భ్రమరాంబగారు ఎప్పుడొచ్చినా మంచినీళ్ళు తన మరచెంబులో తనే తెచ్చుకునేవారు. ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. టీచరుగారు పెట్టనూ లేదు, అడగనూ లేదు. కొన్నాళ్ళకి ఆ అత్తగారు పోయారు, ఆ తర్వాత ప్లీడరుగారూ పోయారు. మరచెంబు మాత్రం పోలేదు. అది కనబడిన ప్రతిసారీ టీచరుగారి మొహం ఒక్క క్షణం ముడుచుకునేది. అలమారులోంచి నేను చూస్తూనే ఉండేదాన్ని.

గిన్నె రాదు, నేను వెళ్ళను. మరెలా? భ్రమరాంబగారు ఇంట్లో గిన్నెను బోర్లించి, అడుగున ఉన్న గుర్తును చూసి కాగితం మీద బొమ్మ గీసుకొచ్చారు. తెరచాపల ఓడ. చాలా ముద్దుగా గీశారు. ఓడ కింద సన్నగా మెలికలు మెలికలుగా అలలు.

"అలలు కూడా ఉన్నాయా?" అని అడిగారు టీచరుగారు.

"ఉన్నాయండీ. చిన్నచిన్నవి, కాస్త అలుక్కుపోయినట్టున్నాయి. ఓడన్నాక అలలుండవూ?"

సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, ఓడ కింద గీతలు కనబడితే అలలనుకోకుండా ఇంకేమనుకుంటుంది? నాలో ఓడ గుర్తులు రెండే ఉన్నాయి. రెండూ ఒక కంపెనీవే. ఉత్త ఓడ ఒక్కటే ఉంటే అది తాతలనాటి పని, నూటయాభై ఏళ్ళ కిందటిది, చాలా అరుదు. ఓడ కింద అక్షరాలుంటే అది మనవల కాలంలో మిషన్ల మీద వేలకొద్దీ చేసింది. అలల ఓడ అసలు లేదు. ఆ లేని ఓడ కోసం ఇద్దరూ నన్ను ఎన్నిసార్లు తిరగేశారో! "మీ పుస్తకంలో ఏదో పేజీ తక్కువైందండీ," అనేవారు భ్రమరాంబగారు. నాకు ఒళ్ళు మండిపోయేది. పేజీ తక్కువేమిటి, అక్షరాలను అలలుగా గీసుకొచ్చి! అనుమానం నాకు అప్పుడే వచ్చింది గానీ, నన్నడిగేదెవరు?

మరి ఆ ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ప్లీడరుగారిని ఆవిడ ఒకసారి అడిగారు కూడా. ఆయన కేసు కాగితాల్లోంచి తలెత్తకుండానే, "దొరల సామాను కదా, బాగానే ఉంటుందిలే," అన్నారట. ఆ ఇంటి మొత్తానికి గిన్నెను బోర్లించి చూసే మనిషి భ్రమరాంబగారు ఒక్కరే. ఆవిడ మాత్రం అది ఉత్త ఓడేనని నమ్మేశారు. "మా గిన్నె మా ముత్తాతల కంటే పెద్దది," అని కనబడిన వాళ్ళందరికీ చెప్పేవారు. చుట్టాలు నవ్వేవారు. పండక్కి వచ్చిన ఆడపడుచులు, "వదినా, నీ ముసలమ్మ బాగుందా?" అని వేళాకోళం చేసేవారు. ఆవిడ పట్టించుకునేవారు కాదు. తనకంటూ కావాలని కోరి తెచ్చుకున్న వస్తువు ఆవిడకి జీవితంలో అదొక్కటే.

వాళ్ళిద్దరికీ గట్టి నియమం ఒకటుండేది. క్రిస్మసుకి వచ్చిన పాస్టరుగారి భార్య, టీచరుగారి బీరువాలోంచి ఓ పాత కప్పు తీసి అందులో వేడి టీ పోయబోయింది. ఇద్దరూ ఒక్కసారే కెవ్వుమన్నారు. ఆవిడ హడలిపోయి కెటిల్ కింద పెట్టేసింది. "వేడి తగిలితే సన్నగా నెర్రెలిస్తుందమ్మా," అని భ్రమరాంబగారు ఆవిడకి నచ్చజెప్పారు. "పులుపు తగిలితే ఆ నెర్రెల్లోకి దిగి మచ్చలు పడతాయి. పాతవాటిని చూసుకోవాలిగానీ వాడుకోకూడదు. మా టీచరుగారు పీక మీద కత్తి పెట్టినా పాతదాంట్లో చుక్క వేడి పోయరు." టీచరుగారు అవునన్నట్టు తలూపారు. వాళ్ళ దగ్గర నిజంగా పాతదైన వస్తువు ఏదీ వంటింటి మొహం చూసి ఎరగదు.

ఏళ్ళు గడిచాయి. టీచరుగారు రిటైరయ్యారు. భ్రమరాంబగారి కళ్ళకి నీటికాసులు వచ్చి, చూపు కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. అయినా శనివారం మానలేదు. సాసర్ల అంచులు వేళ్ళతో తడిమి చూసుకునేవారు. అలా ఉండగా ఆవిడ కొడుకు పాత ఇల్లు అమ్మేసి అపార్టుమెంటు కొన్నాడు. కోడలు ఇందుమతి చెడ్డపిల్ల కాదు. రెండు పడగ్గదుల ఇంట్లోకి అంత సామాను ఎలా సర్దాలో తెలియక తల పట్టుకుంది, అంతే. స్టీలు సామాన్లిచ్చి పాతవి తీసుకెళ్ళే బండివాణ్ణి పిలిపించి, ఒక్కొక్కటే వీధిలో పెట్టిస్తోంది.

భ్రమరాంబగారు టీచరుగారికి కబురు పంపారు. ఒక్కసారి వచ్చి వెళ్ళమని, వచ్చేటప్పుడు పుస్తకం తెమ్మని.

కబురు విని టీచరుగారు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. బిందెడు నీళ్ళ చప్పుడు ఆవిడ చెవుల్లో ఇంకా ఉందని నాకు తెలుసు. తర్వాత లేచి, చెప్పులు వేసుకుని, భూతద్దం చేతిసంచిలో పడేసుకుని, నన్ను చంకలో పెట్టుకున్నారు.

ఈసారి గుమ్మంలో ఎవరూ అడ్డం నించోలేదు. లోపల సగం గదులు ఖాళీ అయిపోయి ఉన్నాయి. భ్రమరాంబగారు గిన్నెని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టూ వేసి, నేలమీద కూర్చుని ఉన్నారు.

"టీచరుగారేనా? అడుగుల చప్పుడు విని అనుకున్నాను. ఇదిగో, మా కోడలు అంటోంది, నిజంగా పాతదయితే ఉంచుకుందాం అత్తయ్యగారూ, కాకపోతే బండిలో వేసేద్దాం అని. న్యాయమే కదండీ? మీ పుస్తకం ఏమంటే అదే. మీరు మాత్రం నాకోసం ఏం కల్పించి చెప్పకండి."

"కల్పించి చెప్పడమేమిటండీ," అన్నారు టీచరుగారు.

ఇందుమతి కూడా చీపురు పక్కన పెట్టి వచ్చి నించుంది. టీచరుగారు గిన్నెని ఒక దుప్పటి మీద మెల్లగా బోర్లించారు. వేలంనాటినుంచి ఒకే ఊళ్ళో ఉండి ఒకరినొకరం చూసుకోని వాళ్ళం, నేనూ ఆ గిన్నే ఎదురెదురుగా ఉన్నాం. టీచరుగారు భూతద్దం పెట్టారు. నాకు భూతద్దం అక్కర్లేకుండానే కనబడింది. ఓడ. దాని కింద, కాస్త అలుక్కుపోయి, వంపుగా, మేడ్ ఇన్ ఇంగ్లండ్.

చెప్పానుగా, నాలో అంతా రాసి ఉంటుందని. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికావాళ్ళు తమ దేశానికి వచ్చే సరుకు మీద అది ఏ దేశానిదో రాసి ఉండాలన్నారు. అప్పటినుంచి ఇంగ్లీషు పింగాణీ అడుగున దేశం పేరు కనబడడం మొదలైంది. మేడ్ ఇన్ అన్న మాట ఆ తర్వాతెప్పుడో వచ్చింది. కాబట్టి ఆ గిన్నె నాకంటే పెద్దదేం కాదు. మహా అయితే నా తోడబుట్టింది. ఆ మిల్లు దొరసాని బంగళాలో అది రోజూ వంటింట్లో సూపు మోసిన గిన్నె. దానికోసం ఆవిడ నన్ను ఒక్కసారి కూడా తెరవలేదు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

టీచరుగారు నన్ను తెరిచారు. ఓడల పేజీ తీశారు. పైన ఉత్త ఓడ, కింద అక్షరాల ఓడ. ఆవిడ కళ్ళు కిందిదాని మీదే ఆగిపోయాయి. భ్రమరాంబగారు మొహం ఇటు తిప్పి ఉన్నారు. ఆ మొహంలో ఆశ తప్ప ఇంకేమీ లేదు. వీధిలోంచి బండివాడు, "ఇంకేటైనా ఉన్నాయేటమ్మా?" అని కేకేశాడు.

టీచరుగారు ఎడమ అరచెయ్యి తీసి గిన్నె అడుగున, ఓడ కింద, అక్షరాల మీద, ఇందుమతి కంటపడకుండా పెట్టేశారు. నొక్కిపెట్టి, గొంతు సవరించుకుని చదివారు. పైనున్న ఓడ గురించి చదివారు! ఇంగ్లీషులో మొత్తం చదివి, మళ్ళీ తెలుగులో చెప్పారు. తాతలనాటి పని, నూటయాభై ఏళ్ళ కిందటిది, చాలా అరుదు. ఒక్క మాట కల్పించలేదు. అన్నీ నా వాక్యాలే, కానీ వేరే గిన్నెవి.

నాకు పేజీలన్నీ చింపుకోవాలనిపించింది. నన్ను చేతిలో పెట్టుకుని, నా పేరు చెప్పి, ఇంత అబద్ధమా? అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి!

"అలలు ఉన్నాయి కదండీ?" అన్నారు భ్రమరాంబగారు.

టీచరుగారు అరచెయ్యి తియ్యలేదు. "ఉన్నాయండీ. చాలా చక్కని అలలు."

భ్రమరాంబగారు ఏడ్చేశారు. ఏడుస్తూనే, "విన్నావుటే ఇందూ, విన్నావా? మీ మామగారు ఉంటే వినేవారు!" అంటున్నారు. ఇందుమతి కూడా కదిలిపోయి వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుంది. "సరే అత్తయ్యగారూ, ఎక్కడో ఒకచోట సర్దుతాను లెండి," అంది. నేను మాత్రం పళ్ళు కొరుక్కుంటున్నాను, పళ్ళు లేకపోయినా.

అప్పుడు భ్రమరాంబగారు కళ్ళు తుడుచుకుని ఎవరూ అనుకోని మాట అన్నారు. "టీచరుగారూ, ఇది మీరు తీసుకెళ్ళిపోండి."

"నేనా? అబ్బే, నాకెందుకండీ!"

"ఆ రోజు వేలంలో మీ కళ్ళనీళ్ళు నేను చూసేను. చూసి కూడా మావారి ఉత్తరీయం లాగేను. ఆ అపార్టుమెంట్లో పిల్లలు బంతులాడతారు, ఇది బతకదు. ఇంత పాతదని తెలిసేక నాకు భయం కూడాను. మీ దగ్గరుంటే శనివారం శనివారం వచ్చి ముట్టుకుంటాను."

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. టీచరుగారు వద్దనలేకపోయారు. రిక్షాలో గిన్నె ఆవిడ ఒళ్ళో, నేను గిన్నెలో. మూత మూసి, దాని మీద చెయ్యేసుకుని, ఆవిడ దారంతా ముక్కు చీదుకుంటూనే ఉన్నారు. లోపల కూర్చున్న నేను ఇంకా బుసలు కొడుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చాక గిన్నెని ఎక్కడ పెట్టాలో ఆవిడకి తోచలేదు. అద్దాల బీరువా తెరిచారు, మళ్ళీ మూసేశారు. "నా బీరువాలో దీనికి చోటు లేదు. అబద్ధం చెప్పేను, చాలు, దాన్ని తీసుకెళ్ళి నిజమైనవాటి సరసన కూడా కూర్చోబెట్టనా?" అని తనలో తనే అనుకున్నారు. అమ్మయ్య, ఆ మాత్రం న్యాయం మిగిలింది అనుకున్నాను. గిన్నె భోజనాల బల్ల మీదే ఉండిపోయింది. ఉండగా ఉండగా ఒకరోజు ఆవిడ అందులో పప్పుచారు పోసి చూశారు. దళసరి గిన్నె, పైన మూత, చారు తిన్నంతసేపూ వేడిగా ఉంది. మర్నాడు పులుసు, ఆ మర్నాడు రసం. పాతది కానప్పుడు భయమేముంది? గిన్నె పుట్టిందే అందుకు.

శనివారం వచ్చిందంటే మాత్రం హడావిడి. పొద్దున్నే గిన్నెని సున్నిపిండి పెట్టి కడిగి, వాసన పోయిందో లేదో చూసుకుని, తుడిచి, వెల్వెట్ గుడ్డ మీద పెట్టి ఉంచేవారు. భ్రమరాంబగారు వచ్చి, మరచెంబు పక్కన పెట్టుకుని, గిన్నె చెవులు నిమురుతూ గంటసేపు మాట్లాడేవారు. కొత్త ఇంటిపక్కవాళ్ళకి కూడా దాని గురించి చెప్పారట. చూపు పోయాక ఆ మనిషి అంత నవ్వగా నేను చూడలేదు. నిజం చెప్పొద్దూ, నా కోపం కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది.

ఒకరోజు, శనివారం కాని రోజు, ఇందుమతి పళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్తూ అత్తగారిని టీచరుగారి గుమ్మం లోపల దింపి, "గంటలో వచ్చేస్తాను టీచరుగారూ," అని అక్కడినుంచే కేకేసి వెళ్ళిపోయింది. అప్పుడే టీచరుగారు భోజనానికి కూర్చున్నారు. బల్ల మీద గిన్నె, మూత పక్కన తీసిపెట్టి ఉంది, లోపల పులుసు పొగలు కక్కుతోంది. టీచరుగారు గరిటె పట్టుకుని సగం లేచి అలాగే ఆగిపోయారు.

"భోంచేస్తున్నట్టున్నారు. కానివ్వండి, నేనిలా కూర్చుంటాను," అంటూ భ్రమరాంబగారు కుర్చీ కోసం బల్ల అంచు పట్టుకుని తడుముకున్నారు. చేతికి గిన్నె చెవి తగిలింది. పోల్చుకున్నారు. మొహం విప్పారింది. అలవాటుగా చెవి మీదనుంచి గిన్నె ఒంటి మీదకి చెయ్యి జార్చారు.

చెయ్యి ఆగిపోయింది.

గిన్నె వెచ్చగా ఉంది. ఆవిడ రెండో చెయ్యి కూడా వేసి అటుపక్క పట్టుకుని చూశారు. అటూ వెచ్చగానే ఉంది. వంగి వాసన చూశారు. చింతపండు, బెల్లం, ఇంగువ. ఎస్తేరు టీచరు ఎలాంటి మనిషో ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. నిజంగా పాతదయిన గిన్నెలో ఆ మనిషి మరిగే పులుసు పోయదు. పోసిందంటే దానికి ఒక్కటే అర్థం. ఆ అర్థం ఆవిడ మొహంలోకి రావడం నేను కళ్ళారా చూశాను. ఇన్నాళ్ళూ నిజం తెలియాలని కుతకుతలాడినదాన్ని, ఆ క్షణంలో మాత్రం తెలియకుండా ఉంటే ఎంత బాగుండును అనిపించింది.

"భ్రమరాంబగారూ, అదీ... ఆ రోజు ఆ బండివాడు..." టీచరుగారు గరిటె కింద పెట్టేశారు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

భ్రమరాంబగారు చేతులు గిన్నె మీదనుంచి తియ్యలేదు. అలాగే అడిగారు.

"ఏం పులుసండీ?"

"ఆనపకాయ."

"బెల్లం వేసేరా?"

"వేసేను."

భ్రమరాంబగారు కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చున్నారు. "నాకూ ఓ కంచం పెట్టండి."

"మా ఇంట్లోనా?" అన్నారు టీచరుగారు, నమ్మలేక.

"మరెక్కడ తిననూ, వీధిలోనా?"

టీచరుగారు కంచం కోసం వంటింటి వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చారు. అద్దాల బీరువా తాళం తీశారు. తన దగ్గరున్న వాటన్నిటిలోకీ పాత పళ్ళెం, నాలో దాని గురించి ముప్పావు పేజీ ఉంది, బయటికి తీసి భ్రమరాంబగారి ముందు పెట్టారు. అందులో వేడివేడి అన్నం వడ్డించారు, అన్నం మీద గరిటెడు పులుసు పోశారు. నేను నోరెత్తలేదు.

భ్రమరాంబగారు చెయ్యి పెట్టబోతూ పళ్ళెం అంచు ముట్టుకున్నారు. వేళ్ళు అంచు చుట్టూ ఒకసారి తిరిగాయి. ఉలిక్కిపడి తలెత్తారు.

"టీచరుగారూ! ఇది మీ..."

"మాట్లాడకండి. తినండి, చల్లారిపోతుంది."